ఇంటర్వ్యూ గదిలో తల వంచుడెందుకు?

దవాఖాన ఫార్మసీ రెసిడెన్సీ: అడిగేటోళ్లకు కూడా నియమాలుండాలె

‘‘పెళ్లి ఎప్పుడు చేసుకుంటవమ్మా?’’

ఆరేండ్లు ఫార్మ్‌డీ చదివి, అందులో ఏడాది పాటు దవాఖాన వార్డుల్లో పొద్దుమాపు తిరిగిన ఆడబిడ్డను హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు దవాఖానలో అడిగిన మొదటి ప్రశ్న ఇది. రెండో ప్రశ్న: ‘‘రెండేండ్ల బాండ్ రాసిస్తవా?’’ మూడోది: ‘‘ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చినవా? ఇక్కడ పెట్టి పోవాలె.’’ నాలుగో ప్రశ్న లేదు. ఫోన్ చేస్తామన్నారు. చాయ్ తాగినంత సేపట్లో ఇంటర్వ్యూ అయిపోయింది. ఆ పోస్టుకు వాళ్లు పెట్టుకున్న పేరు మాత్రం గొప్పగా ఉన్నది: క్లినికల్ ఫార్మసీ రెసిడెంట్.

ఆ చెల్లె మా దగ్గరికి వచ్చి చెప్పుకున్నది జీతం గురించి కాదు. బాండ్ గురించి కూడా కాదు. ‘‘ఒక్క మందు పేరన్నా అడగలేదన్నా’’ అన్నది. ఆ మాట దగ్గరే ఆమె గొంతు పూడుకుపోయింది. నెలల తరబడి పుస్తకాలు ముందేసుకొని కూసున్న మనిషి ఆమె. చదివినదంతా నిరూపించుకుందామని పోతే, చదువు సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ చెల్లెకు జరిగిన అవమానం ఒక్కటే అయితే మేము ఇంత రాసేవాళ్లం కాదు. మందు పేరు అడగని ఇంటర్వ్యూతో కొలువులోకి వచ్చిన మనిషి రేపు మన అవ్వ మంచం పక్కన నిలబడి మందుల చీటీ చూస్తది. అందుకే ఇది ఆరేండ్లు చదివిన పిల్లల లొల్లి మాత్రమే కాదు. దవాఖాన మెట్లెక్కే ప్రతి ఇంటి లొల్లి.

మందు అంటే లెక్క

దవాఖాన ఫార్మసిస్టు అంటే చీటీ చూసి గోలీలు లెక్కపెట్టి కవర్లో వేసే మనిషి అని మనలో చాలామంది అనుకుంటారు. దవాఖానల యాజమాన్యాలు కూడా అట్లనే అనుకుంటున్నాయి. కాదని చెప్పడానికి మూడు ముచ్చట్లు చాలు.

మెథోట్రెక్సేట్ అనే గోలీ ఉన్నది. కీళ్లవాతానికి తక్కువ మోతాదులో రాస్తారు. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. చీటీ మీద రాసింది అర్థం కాకనో, ఎవరూ చెప్పకనో దాన్ని రోజూ మింగితే నోరంతా పుండ్లు పడతాయి. ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. ప్రాణం కూడా పోతది. ప్రపంచమంతటా ఈ తప్పు జరిగింది, మనుషులు చనిపోయారు. ఆపాల్సింది ఎవరు? చీటీకి, రోగికి మధ్యలో నిలబడ్డ ఫార్మసిస్టు.

ఇంకొకటి. 75 ఏండ్ల అవ్వ, 45 కిలోల బరువు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.1 వచ్చింది. ల్యాబ్ కాగితం చూస్తే పెద్ద తేడా ఏమీ కనిపించదు. కాని 1976 నుంచి వాడుతున్న కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క వేసి చూడండి. 140లో నుంచి వయసు తీసెయ్యాలి, బరువుతో గుణించాలి, 72ను క్రియాటినిన్‌తో గుణించి ఆ వచ్చిన దానితో భాగించాలి. ఆడమనిషి కాబట్టి 0.85తో మళ్లీ గుణించాలి. నిమిషానికి సుమారు 31 మిల్లీలీటర్లు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వయసు మనిషి కిడ్నీలో ఇది సగం కూడా కాదు. ఆ అవ్వకు అమికాసిన్ ఇంజెక్షన్ మామూలు మోతాదులో రోజూ ఎక్కిస్తే ఉన్న కిడ్నీ పోతది, చెవులు కూడా పోతాయి.

మూడోది. గుండె కవాటం ఆపరేషన్ అయినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడతారు. వాళ్లకు కడుపులో నొప్పి వచ్చిందని ఇంకో డాక్టర్ మెట్రోనిడజోల్ రాస్తే, రెండూ కలిసి రక్తం కారుడు మొదలైతది. ఇద్దరు డాక్టర్లదీ తప్పు కాకపోవచ్చు. రెండు చీటీలను పక్కపక్కన పెట్టి చూసే మనిషి లేకపోవడమే తప్పు.

ఈ మూడు ముచ్చట్లూ ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్నలే. పావుగంట చాలు. చెల్లెను అడిగారా? అడగలేదు. పెళ్లి ముచ్చట అడిగారు.

చట్టంలో మాట ఉన్నది, చేతలో లేదు

మన దేశంలో ఫార్మసీ చట్టం 1948లో వచ్చింది. ఆరవై ఏండ్ల తర్వాత, 2008లో, ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఫార్మ్‌డీ నిబంధనలు తెచ్చింది. ఇంటర్ తర్వాత ఆరేండ్ల కోర్సు. ఆరో ఏడాది మొత్తం దవాఖానలోనే. ఆ ఏడాదికి నిబంధనల్లో రాసిన పేరు చదవండి: ఇంటర్న్‌షిప్ లేదా రెసిడెన్సీ శిక్షణ. ఆరు నెలలు జనరల్ మెడిసిన్‌లో, మిగిలిన మూడు స్పెషాలిటీల్లో రెండేసి నెలలు. అప్పగించిన వార్డుల్లో విద్యార్థి తన కాళ్ల మీద తాను నిలబడి క్లినికల్ ఫార్మసీ సేవలు అందించాలని కూడా రాశారు. కాలేజీకి కనీసం 300 పడకల దవాఖానతో సంబంధం ఉండాలన్నారు.

2015లో ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు వచ్చాయి. రోగికి మందు గురించి విడమరిచి చెప్పడం ఫార్మసిస్టు పని అని అందులో రాశారు. 2021 సవరణలో క్లినికల్ ఫార్మసిస్టు అనే హోదాను చేర్చారు. అంటే రెసిడెన్సీ అనే మాట ఉన్నది, క్లినికల్ ఫార్మసిస్టు అనే మాట ఉన్నది. కాగితం మీద మనకు కొదువ లేదు.

మరి నేల మీద? డిగ్రీ చేతికి వచ్చిన తర్వాత చేసే రెసిడెన్సీకి దేశమంతటికీ ఒక ఉమ్మడి ఎంపిక పద్ధతి లేదు. ఒక్కో దవాఖానది ఒక్కో తీరు. ఒకచోట రెసిడెంట్ అంటారు, ఒకచోట ట్రైనీ అంటారు, ఇంకోచోట ఫెలో అంటారు. పేరు ఏది పెట్టినా ఎవరు నేర్పుతారు, ఎన్ని గంటలు, ఎంత స్టైపెండ్, ఏడాది అయినంక ఏం కాగితం చేతికిస్తారు అనే నాలుగు ప్రశ్నలకు రాతలో జవాబు దొరకదు.

సర్కారు కొలువు సంగతి చూద్దాం. 2024లో తెలంగాణ వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 633 గ్రేడ్-2 ఫార్మసిస్టు పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు డిప్లొమా చదివినోళ్లు, బీఫార్మసీ చదివినోళ్లు, ఫార్మ్‌డీ చదివినోళ్లు అందరూ ఆ ఒక్క పోస్టుకే దరఖాస్తు పెట్టుకున్నారు. డిప్లొమా తమ్ముళ్లను మేము తక్కువ చెయ్యడం లేదు. ఓపీ కిటికీ దగ్గర వందల మందికి మందులిచ్చే చేతులు వాళ్లవే. మేము అడిగేది వేరే: ఆరేండ్ల చదువును దేనికోసం పెట్టారు? వార్డులో పని చెయ్యడానికే అయితే ఆ వార్డులో పోస్టు ఏది?

ఇంకోచోట ఎట్ల జరుగుతది?

ఇంటర్వ్యూ అంటే ఎక్కడైనా ఇంతేనా? కాదు. మన ఫార్మసీ పిల్లల్లో చాలామంది కలగనే అమెరికాలో ఈ రెసిడెన్సీకి దాదాపు వందేండ్ల చరిత్ర ఉన్నది. 1927లో మిషిగన్ విశ్వవిద్యాలయ దవాఖానలో హార్వే విట్నీ అనే ఫార్మసిస్టు ఇట్లాంటి శిక్షణ మొదలుపెట్టారు. 1942లో దవాఖాన ఫార్మసిస్టులు సొంత సంఘం కట్టుకున్నారు. ఇప్పుడు ఏఎస్‌హెచ్‌పీ అని పిలిచే ఆ సంఘమే రెసిడెన్సీలకు ప్రమాణాలు రాసింది, గుర్తింపు ఇస్తున్నది. అంటే నియమాలు పైనుంచి ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. ఆ పని చేసే ఉద్యోగులే సంఘం పెట్టుకొని రాసుకున్నవి. ఉద్యోగ మిత్రులు ఈ సంగతి యాది పెట్టుకోవాలి.

పద్ధతి ఇట్లుంటది. డిగ్రీ అయినంక ఒక ఏడాది పీజీవై-1, అంటే అన్ని రకాల వార్డుల్లో శిక్షణ. ఇష్టమైతే ఇంకో ఏడాది పీజీవై-2, అంటే క్యాన్సర్, ఐసీయూ, పిల్లల వైద్యం వంటి ఒక్క విభాగంలో. ప్రతి డిసెంబర్‌లో పెద్ద సభ జరుగుతది. దవాఖానలు బల్లలు వేసుకొని కూర్చుంటే విద్యార్థులు తిరిగి విచారించుకుంటారు. తర్వాత ఒకే ఉమ్మడి వేదిక ద్వారా దరఖాస్తులు పోతాయి. ఎందుకు చేరాలనుకుంటున్నారో రాసిన లేఖ, మార్కులు, సిఫారసు లేఖలు జతచెయ్యాలి. ఈ సిఫారసు మన దగ్గరి పైరవీ సిఫారసు కాదు. వార్డులో పని నేర్పినాయన ఈ పిల్ల దేంట్లో గట్టి, దేంట్లో ఇంకా నేర్చుకోవాలి అని రాసిచ్చే కాగితం.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇంటర్వ్యూలు. చాలాచోట్ల దాదాపు రోజంతా సాగుతాయి. 2020 కరోనా తర్వాత వీడియోలో కూడా జరుపుతున్నారు. అభ్యర్థి ఒక అంశం మీద ప్రసంగం ఇవ్వాలి. ఒక రోగి కేసు కాగితం చేతికిచ్చి, కొంత సమయమిచ్చి, ఏ మందు మారుస్తావు, ఎందుకు మారుస్తావు అని అడుగుతారు. నువ్వు చేసిన తప్పు ఒకటి చెప్పు, దాన్నుంచి ఏం నేర్చుకున్నవు అని అడుగుతారు. డాక్టర్ నీ మాట వినకపోతే ఏం చేస్తవు అని అడుగుతారు. నేర్పే ఫార్మసిస్టులు వేరుగా, ప్రోగ్రాం డైరెక్టర్ వేరుగా మాట్లాడతారు. ఆ ఏడాది రెసిడెంట్లుగా ఉన్నవాళ్లతో కూడా మాట్లాడుకోనిస్తారు. ‘ఇక్కడ నిజంగా నేర్పుతారా, ఊకే పని చేయించుకుంటారా?’ అని అభ్యర్థి అడగవచ్చు. చివరికి ‘మీ ప్రశ్నలేంది?’ అని అడిగితే ‘ఏమీ లేవు సార్’ అన్న మనిషికి ఆసక్తి లేదనే లెక్క కడతారు.

ఇక అసలు ముచ్చట. అడిగేవాళ్లను కూడా నియమాలు కట్టేస్తాయి. ఇంటర్వ్యూలు అయినంక అభ్యర్థి తనకు నచ్చిన దవాఖానలను వరుసగా రాస్తది. దవాఖానలు కూడా తమకు నచ్చిన అభ్యర్థులను వరుసగా రాస్తాయి. మార్చి నెలలో కంప్యూటర్ ఈ రెండు జాబితాలను కలిపి ఎవరికి ఎక్కడో చెప్తది. దీన్ని మ్యాచ్ అంటారు. ‘నీ జాబితాలో మేము ఎన్నో స్థానం?’ అని దవాఖాన అడగడం నియమ విరుద్ధం. ‘మాకు మొదటి స్థానం ఇస్తనంటేనే తీసుకుంటం’ అని బెదిరించడం కుదరదు. డ్యూటీ గంటలు, సెలవులు, కోర్సు పూర్తికి షరతులు ఇంటర్వ్యూకు పిలిచినవాళ్లకు ముందే తెలపాలి. వారానికి 80 గంటలు దాటి పని చేయించొద్దు. ఈ జతకూర్చే లెక్కకు మూలం 1962లో గేల్, షాప్లే అనే ఇద్దరు గణితవేత్తలు రాసిన పరిశోధన. 2012లో షాప్లేకు, ఆ లెక్కను డాక్టర్ల నియామకాల్లో వాడి చూపించిన ఆల్విన్ రోత్‌కు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ లెక్కలో ఉన్న నీతి ఒక్కటే. అభ్యర్థి తన మనసులో ఉన్న వరుసను నిజాయితీగా రాస్తే నష్టపోదు.

పెళ్లి ప్రశ్న సంగతి? 1964 పౌర హక్కుల చట్టం అక్కడ కొలువుల్లో ఆడవాళ్ల మీద వివక్షను నిషేధించింది. 1978లో గర్భం కారణంగా చూపే వివక్షను కూడా అందులో చేర్చారు. కాబట్టి ఇంటర్వ్యూలో పెళ్లి, పిల్లల ముచ్చట తీస్తే అది అడిగిన సంస్థ మెడకే చుట్టుకుంటది. మన దగ్గర చట్టం లేదా అంటే అదీ కాదు. నియామకంలో ఆడవాళ్ల మీద వివక్ష చూపొద్దని 1976 సమాన వేతన చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్ కూడా అదే మాట చెప్పింది. చట్టం పుస్తకంలో ఉన్నది. ఇంటర్వ్యూ గదిలోకి మాత్రం అది అడుగు పెట్టలేదు.

అమెరికా భజన మాకొద్దు

ఇదంతా చదివి ‘అక్కడికి పోతే బతుకు మారుతది’ అని ఏ తమ్ముడైనా పాస్‌పోర్ట్ ఆఫీసుకు బయల్దేరితే మా రాత వృథా. అక్కడ కూడా రెసిడెంట్‌కు వచ్చేది మామూలు ఫార్మసిస్టు జీతంలో సుమారు సగమే. చవకగా పని చేయించుకునే ఏర్పాటని అక్కడి వాళ్లే విమర్శిస్తున్నారు. ప్రతి ఏడాది సీటు దొరకక మిగిలిపోయేటోళ్లు ఉంటారు. మనవాళ్లకైతే ఇంకా గడపలు ఎక్కువ. 2003 జనవరి 1 నుంచి విదేశీ ఫార్మసీ పట్టభద్రులకు కనీసం ఐదేండ్ల చదువు ఉండాలన్నారు. దాంతో ఆ తేదీ తర్వాత నాలుగేండ్ల బీఫార్మసీ పూర్తి చేసిన వేలాది మందికి నేరుగా పోయే తోవ మూసుకుపోయింది. ఆరేండ్ల ఫార్మ్‌డీ ఆ లెక్కకు సరిపోతది. కాని డిగ్రీ పత్రాల పరిశీలన, ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష, లైసెన్సు గడపలు దాటాలి. వీసా ఇప్పించని ప్రోగ్రాంలు చాలా ఉన్నాయి. అప్పు చేసి పోయేటోళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి.

మేము ఆ దేశాన్ని మొక్కమనడం లేదు. అక్కడి నియమాన్ని చూడమంటున్నాం. బలవంతుడు బలహీనుణ్ని ఇంటర్వ్యూ చేసే చోట బలవంతుని చేతులు కట్టేసే రాత ఒకటి ఉండాలె. అది ఉంటే హైదరాబాద్‌లోనైనా న్యాయం జరుగుతది. లేకుంటే ఎక్కడైనా దగానే.

మేము కూడా ఆ కుర్చీలో కూసున్నోళ్లమే

డిగ్రీ పట్టా పట్టుకొని ఇంటర్వ్యూ గదుల ముందు క్యూ కట్టిన తరం మాది. ఒక ఆఫీసులో మేము ‘దవాఖాన’ అన్న మాట అంటే కుర్చీకి అవతల ఇద్దరు ముఖాలు చూసుకొని నవ్వుకున్నారు. ‘హాస్పిటల్ అనడం రాదా?’ అని అడిగారు. ఆ నవ్వుకు జవాబుగానే 2009 డిసెంబర్‌లో మాలాంటి వాళ్లెందరో హాస్టల్ గదుల్లోంచి రోడ్ల మీదికి వచ్చారు. నియామకాలు అనే మాట మనకు నినాదం ఎందుకైందో ఈ పత్రిక పాఠకులకు మేము కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇంటర్వ్యూ గదిలో ఆ నవ్వు పోయిందా? మా గుండె మీద చెయ్యేసుకొని పోయిందని చెప్పలేము. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటున్న వాళ్లలో మనోళ్లు కూడా ఉన్నారు. అందుకే ఇంకా సిగ్గుపడాలి.

కొందరు మిత్రులు అంటారు: ‘ఇంటర్వ్యూ అంటేనే పైరవీ. మొత్తం ఎత్తెయ్యాలె. రాతపరీక్ష చాలు.’ వాళ్ల కోపం మాకు అర్థమైతది. కేంద్ర సర్కారు కూడా 2016 జనవరి నుంచి గ్రూప్-సీ, నాన్ గెజిటెడ్ గ్రూప్-బీ కొలువులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. కాని ఈ పోస్టుకు మేము ఆ వాదన ఒప్పుకోం. ఎందుకంటే వార్డు ఫార్మసిస్టు పనిలో సగం మాట్లాడుడే. డాక్టర్‌తో మాట్లాడాలి, నర్సుతో మాట్లాడాలి, రోగితో మాట్లాడాలి. నాలుగు జవాబుల్లో ఒకటి టిక్కు పెట్టే పరీక్షలో ఆ గుణం తేలదు. ఇంటర్వ్యూ ఉండాలె. అయితే అందరికీ అవే ప్రశ్నలు, అందరికీ అదే సమయం, ప్రశ్నకింత అని ముందే రాసుకున్న మార్కులు ఉండాలె. పైరవీకి సందు దొరికేది లెక్క లేని చోటనే.

ఇంకో మాట ఎవరూ ఎత్తడం లేదు, మేము ఎత్తుతున్నాం. ఈ ఇంటర్వ్యూలన్నీ ఇంగ్లీషులో ఎందుకు? మందుల పేర్లు, వైద్య పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి, నిజమే. డాక్టర్‌తో మాట్లాడడానికి ఇంగ్లీషు కావాలి, ఒప్పుకుంటాం. కాని మంచం మీద ఉన్నది ఎవరు? మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన అవ్వ. ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు రైతు. పాతబస్తీ నుంచి వచ్చిన ఉర్దూ మాట్లాడే అమ్మ. మెథోట్రెక్సేట్ గోలీ వారానికి ఒక్కసారే వేసుకోవాలని ఆ అవ్వకు అర్థమయ్యేట్టు చెప్పగలవా? ‘అవ్వా, ఇది సోమవారం ఒక్కరోజే. మంగళవారం ముట్టొద్దు. మళ్లీ సోమవారమే. నొప్పి ఎక్కువైందని ఇంకోటి మింగొద్దు’ అని చెప్పి, అదే మాట ఆమె నోటితో మళ్లీ చెప్పించుకోగలవా? ఇది అసలైన ఇంటర్వ్యూ ప్రశ్న. ఈ ప్రశ్నలో కాన్వెంటు ఇంగ్లీషు పిల్లగాడు తడబడొచ్చు. మన జిల్లాల పిల్ల నూటికి నూరు తెచ్చుకోవచ్చు. బహుశా అందుకే ఎవరూ అడగడం లేదు!

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

నియమాలు వచ్చేదాకా ఇంటర్వ్యూలు ఆగవు. కాబట్టి పోయేటోళ్లకు నాలుగు మాటలు.

మీ ఆరో ఏడాది లాగ్‌బుక్ మీ ఆయుధం. అందులో రాసిన ప్రతి కేసూ మీకు నోటికి రావాలి. ఏ మందు ఎందుకిచ్చారు, మీరేం సలహా ఇచ్చారు, డాక్టర్ ఒప్పుకున్నడా లేదా చెప్పగలగాలి. వేరేవాళ్ల లాగ్‌బుక్ చూసి రాసుకున్నవాళ్లు అక్కడే దొరికిపోతారు.

కిడ్నీ లెక్క, డ్రిప్పు వేగం లెక్క, పిల్లల మోతాదు లెక్క చేతితో వెయ్యడం సాధన చెయ్యండి. ఫోన్ లేకుండా వెయ్యండి.

తెలియనిది అడిగితే తెలిసినట్టు నటించకండి. ‘తెలియదు, ఫలానా పుస్తకంలో చూసి చెప్తాను’ అనండి. మందుల విషయంలో తెలియదని ఒప్పుకునే మనిషే నమ్మదగ్గ మనిషి. ఊహించి చెప్పేవాళ్లు రోగిని చంపుతారు.

మీరు కూడా అడగండి. మాకు నేర్పేది ఎవరు? ఆయన చదువేంది? ఒక్క రెసిడెంట్‌కు ఎన్ని పడకలు? వార్డులోకి డాక్టర్ల వెంట పోనిస్తరా, బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చోబెడతరా? స్టైపెండ్ ఎంత, ఏ తారీఖున ఇస్తరు? వారానికి ఎన్ని గంటలు, ఎన్ని నైట్ డ్యూటీలు? పోయినేడు చేసినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నరు? మర్యాదగా అడగండి, కాని అడగండి. అడిగినందుకే కొలువు ఇవ్వని దవాఖానలో చేరకపోవడమే లాభం.

ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, అక్కడ వదిలిపెట్టకండి. బాండ్ కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఇంటికి తెచ్చుకొని చదివి, తెలిసిన వకీలుకు చూపించండి.

కుర్చీకి అటువైపు ఉన్నవాళ్లకు

ఈ పత్రిక చదివే ఉద్యోగ మిత్రుల్లో కొందరు రేపు ఆ కుర్చీలో కూర్చొని ప్రశ్నలడిగేటోళ్లే. మీకు కూడా ఒక మాట. ‘ఫార్మ్‌డీ పిల్లలకు ప్రాక్టికల్ జ్ఞానం లేదు’ అని మీరంటారు. ఏడాది పాటు ఆ పిల్లలు తిరిగింది మీ వార్డుల్లోనే కదా! నేర్పకపోతే తప్పు నేర్చుకునేవాళ్లదా, నేర్పాల్సినవాళ్లదా? ‘స్టైపెండ్‌కు పైసలు లేవు’ అని యాజమాన్యం అంటది. తప్పు మందుతో రోగి ఇంకో పది రోజులు మంచం పడితే ఆ బిల్లు ఎవరు కడుతున్నారు? అవ్వ కొడుకు కడుతున్నడు, ఎకరం పొలం అమ్మి. మీకు ఖర్చు కాకపోవచ్చు. మాకు ఖర్చు.

మేము కోరుతున్నది ఇది:

ఒకటి, రెసిడెన్సీ పేరుతో ఎవర్ని పిలిచినా స్టైపెండ్, పని గంటలు, సెలవులు, బాండ్ షరతులు ఇంటర్వ్యూకు ముందే రాతలో ఇవ్వాలె.

రెండు, అభ్యర్థులందరికీ ఒకే రోగి కేసు, ఒకే ప్రశ్నలు, ముందే నిర్ణయించిన మార్కులు ఉండాలె. అడిగినవాళ్లకు వాళ్ల మార్కులు చూపించాలె.

మూడు, రోగికి మందు గురించి తెలుగులోనో ఉర్దూలోనో విడమరిచి చెప్పే పరీక్ష ఇంటర్వ్యూలో భాగం కావాలె.

నాలుగు, పెళ్లి, కులం, ఊరు అడగొద్దు. యాసను చూసి నవ్వొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచుకోవద్దు.

ఐదు, ఉస్మానియా, గాంధీ, వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద సర్కారు దవాఖానల్లో స్టైపెండ్‌తో కూడిన ఫార్మసీ రెసిడెన్సీ సీట్లు, ఆ తర్వాత వార్డుల్లో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు మంజూరు చెయ్యాలె. సర్కారు ముందు నడిస్తేనే ప్రైవేటు దవాఖానలు వెనక నడుస్తాయి.

వీటిలో ఒక్కటి కూడా చంద్రమండలం అడగడం కాదు. మొదటి నాలుగింటికి పైసా ఖర్చు లేదు. ఒక కాగితం, ఒక సంతకం చాలు. ఫార్మసీ విద్యార్థి సంఘాలు, దవాఖాన ఉద్యోగ సంఘాలు కలిసి ఈ ఐదు మాటలతో వినతిపత్రం రాసి ఫార్మసీ కౌన్సిల్‌కు, వైద్య ఆరోగ్య శాఖకు పంపాలి. జవాబు రాకపోతే మళ్లీ పంపాలి. అయినా రాకపోతే ఏం చెయ్యాలో మనకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు.

ఆ చెల్లె ఇంకో దవాఖానకు పోతున్నది. ఈసారి ఫైల్లో సర్టిఫికెట్ల నకళ్లు పెట్టుకున్నది, లాగ్‌బుక్ పెట్టుకున్నది, తాను అడగాల్సిన ప్రశ్నలు రాసుకున్న కాగితం పెట్టుకున్నది. పెళ్లి ముచ్చట వస్తే ఏమంటవు అని అడిగాం. ‘‘మందుల ముచ్చట అడగండి సార్, జవాబు చెప్త అంటనన్నా’’ అన్నది.

అట్లనే అనాలె. ఇంటర్వ్యూ గదికి పోయే ప్రతి తమ్ముడూ, ప్రతి చెల్లె అట్లనే అనాలె. కొలువు ఎవరి దయ కాదు, చదివిన చదువుకు దక్కాల్సిన హక్కు!